వేషం కట్టేదెవరు, నవ్వేదెవరు? రాత్రి వార్తల వెటకారం మీద కొన్ని ప్రశ్నలు

టీవీల్లో రాత్రి తొమ్మిది దాటినాక వచ్చే వెటకారపు వార్తల గురించి మన విమర్శలో రెండు మాటలే వినబడుతున్నాయి. అవి జనం గొంతు అనేది ఒకటి. అవి వార్తల స్థాయిని దిగజార్చాయి అనేది రెండోది. మొదటి మాట అనేవాళ్ళు ఎక్కువగా ఉద్యమాల్లోంచి వచ్చినవాళ్ళు. రెండో మాట అనేవాళ్ళు మంచి తెలుగు మీద పట్టా తమ పేరునే ఉందనుకునేవాళ్ళు. ఈ ఇద్దరి మధ్య పంచాయితీ చేయడానికి మేము ఈ వ్యాసం రాయడం లేదు. తిరుపతిలో హాస్టల్ గదుల్లో, చిత్తూరు పల్లెల నుంచి చదువుకోడానికి వచ్చిన పిల్లలతో కూచొని ఈ కార్యక్రమాలు చూస్తున్నప్పుడు (ఇప్పుడు టీవీలో కంటే ఫోన్లోనే ఎక్కువ చూస్తున్నారు) మాకు వేరే ప్రశ్న తోచింది. అధికారంలో ఉన్నవాణ్ణి చూసి నవ్వే హక్కు ఎవరికి ఉంది? ఆ హక్కు కోసం ఎవరు ఏ వేషం కట్టాల్సి వస్తోంది? ఎవరు తమ సొంత బట్టల్లో, సొంత పేరుతో కూచొని నవ్వగలుగుతున్నారు?

హాస్యాన్ని 'ఎవరి మీద' అనే ఒక్క కొలతతోనే కొలవడం మనకు అలవాటు. పైవాళ్ళ మీద జోకు వేస్తే ప్రగతిశీలం, కిందివాళ్ళ మీద వేస్తే అభివృద్ధి నిరోధకం. ఈ కొలత తప్పని మేము అనడం లేదు, చాలదంటున్నాం. ఎవరి నోటితో, ఏ అవతారంలో, ఎంత ఖరీదుకు అని కూడా అడిగితే తప్ప ఇందులో కులం బయటపడదు. మన దగ్గర తిట్టే హక్కు కూడా భూమి లాగే వారసత్వంగా వస్తోంది కదా.

ముందు 2014 జూన్ సంగతి చూద్దాం. తెలంగాణ రాష్ట్రం ఏర్పడి పట్టుమని పదిహేను రోజులు కాలేదు. కొత్త శాసనసభ్యుల ప్రమాణస్వీకారం సందర్భాన్ని పట్టుకొని టీవీ9 తన 'బులెట్ న్యూస్' కార్యక్రమంలో వాళ్ళ మాటనూ తీరునూ ఎగతాళి చేసింది. జూన్ 16 నుంచి తెలంగాణలో కేబుల్ ఆపరేటర్లు టీవీ9ను, దానితో పాటు ఏబీఎన్ ఆంధ్రజ్యోతిని ఆపేశారు. టీవీ9 క్షమాపణ చెప్పినా ప్రసారాలు నెలల తరబడి రాలేదు. సెప్టెంబరులో వరంగల్లో జరిగిన కాళోజీ శతజయంతి కార్యక్రమంలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్, తెలంగాణను అవమానించే చానళ్ళను పాతరేస్తామన్నంత మాట అన్నాడు. జనం యాసకు జీవితమంతా వకాల్తా పుచ్చుకున్న కవి పేరు మీద జరిగిన కార్యక్రమమది.

ఆ రోజుల్లో ఇది పత్రికా స్వేచ్ఛా, ప్రాంతీయ ఆత్మగౌరవమా అని చర్చ నడిచింది. చానల్ నోరు కట్టేయడం తప్పే, అందులో మాకు అనుమానం లేదు. కేబుల్ తీగను చేతిలో పెట్టుకున్న ప్రభుత్వం రేపు ఎవరి గొంతునైనా కట్ చేయగలదు. అయితే ఆ జోకులో ఏముందో చూడ్డానికి స్వేచ్ఛావాదులు ఇష్టపడలేదు. టై కట్టుకొని, రెండు జిల్లాల తెలుగును రాష్ట్రమంతటి తెలుగుగా పలికే స్టూడియో, చట్టసభలో తడబడే మనిషిని చూసి నవ్వుతోంది. అవినీతి చేసినందుకు కాదు, అబద్ధం చెప్పినందుకు కాదు, సరిగ్గా పలకనందుకు. చట్టసభలో కాగితం చూసి తడబడేది ఎవరు? ఇంట్లో మొదటి తరంగా అక్కడికి వెళ్ళినవాళ్ళు. ఇది ప్రాంతం జోకు లాగా కనిపిస్తుంది గానీ దాని ఎముక కులం. గూడూరు నుంచో సత్యవేడు నుంచో రిజర్వుడు సీటులో గెలిచి వెళ్ళిన మనిషి సభలో నోరు తెరిచినా ఇదే నవ్వు నవ్వుతారు. అప్పుడు దానికి ప్రాంతీయ ఆత్మగౌరవం కూడా అడ్డం రాదు.

సరిగ్గా ఆ కాలంలోనే ఇంకో రకం వెటకారం పుట్టింది. 2012లో మొదలైన వీ6 చానల్ 'తీన్మార్ వార్తలు' పేరుతో రాత్రి తొమ్మిదిన్నరకు తెలంగాణ మాటలో వార్తలు చెప్పడం మొదలుపెట్టింది. మొదట తీన్మార్ మల్లన్నగా చింతపండు నవీన్, తర్వాత బిత్తిరి సత్తిగా చేవెళ్ళ రవి, సావిత్రిగా శివజ్యోతి. దాన్ని చూసి మిగతా చానళ్ళు కూడా అదే దారి పట్టాయి. హెచ్ఎంటీవీలో 'జోర్దార్ వార్తలు'తో సుజాత వచ్చింది. బులెట్ న్యూస్ ఏ మాటను చూసి నవ్విందో, ఆ మాటే ఇక్కడ యాంకర్ కుర్చీ ఎక్కింది. ఇది చిన్న విషయం కాదు. అర్ధ శతాబ్దం సినిమాల్లో వంటవాడికీ రౌడీకీ కేటాయించిన భాషలో ముఖ్యమంత్రిని 'ఏంది సారూ' అని నిలదీయడం చూసి మా హాస్టళ్ళలో రాయలసీమ పిల్లలు కూడా సంబరపడ్డారు. ఆ సంబరం నిజమైనదే.

ఇక ఈ యాంకర్లను పక్క పక్కన పెట్టి చూడాలి. సావిత్రి నిలబడి గదమాయించే ఆడమనిషి. ఇంటి గడప దగ్గర పాలవాడితోనో పక్కింటివాళ్ళతోనో మాట్లాడినట్టు మంత్రితో మాట్లాడుతుంది. ఆమె హాస్యం ధరల మీద, కరెంటు మీద, నీళ్ళ మీద. మల్లన్నది హాస్యం కంటే కోపం ఎక్కువ. అతను ఎక్కువ కాలం నవ్వించలేదు. యూట్యూబ్ చానల్ పెట్టాడు, 2021లో జైలుకు వెళ్ళాడు, 2024 జూన్లో కాంగ్రెస్ తరఫున పట్టభద్రుల ఎమ్మెల్సీగా గెలిచాడు, బీసీ ప్రశ్న మీద సొంత పార్టీతో తగాదా పెట్టుకొని 2025 మార్చిలో సస్పెండయ్యాడు. అతని రాజకీయాలతో ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఒకటి గమనించాలి. కులం గురించి నేరుగా మాట్లాడాలనుకున్నప్పుడు అతను వెటకారం కుర్చీ దిగిపోయాడు. ఆ కుర్చీలో కూచొని ఆ మాట అనడానికి చోటు లేదు మరి.

అందరికంటే ఎక్కువ జనం ప్రేమించింది బిత్తిరి సత్తిని. ముదిరాజ్ కుటుంబం నుంచి వచ్చిన రవి గొప్ప నటుడు, అందులో రెండో మాట లేదు. అయితే ఆ పాత్ర ఏమిటి? పేరులోనే బిత్తిరితనం ఉంది. వెర్రి చూపు, సాగదీసిన గొంతు, తనకే అర్థం కానట్టు అడిగే ప్రశ్న. సత్తి తెలివైనవాడని చూసే ప్రతివాడికీ తెలుసు, కానీ సత్తికి తెలియనట్టు ఉండాలి. అదీ ఒప్పందం. రాజుగారి తప్పు ఎత్తి చూపినా తల తెగకుండా ఉండాలంటే విదూషకుడు వెర్రివాడుగా కనిపించాలన్న పాత రాజాస్థానపు కట్టుబాటే ఇది. సంస్కృత నాటకంలో విదూషకుడు బ్రాహ్మణుడు, తిండిపోతు. ఇక్కడ విదూషకుడు పల్లెటూరి కష్టజీవి. కష్టజీవి అచ్చం తనలాగే, తన తెలివితో, తన మామూలు గొంతుతో వచ్చి 'అయ్యా, నువ్వు చేసింది దొంగతనం' అంటే అది వార్త కూడా కాదు, హాస్యం కూడా కాదు. పొగరవుతుంది. ఆ చానల్ మీదా ఈ చానల్ మీదా తిరిగి, టీవీ9, సాక్షి అన్నీ చూసి 2023 అక్టోబరులో రవి బీఆర్ఎస్‌లో చేరాడు. తన కులానికి జరిగిన అన్యాయం గురించి అతను మాట్లాడిందీ సభల్లోనే, సత్తి వేషంలో కాదు.

ఇక్కడ మా మిత్రుల్లో కొందరికి నచ్చని మాట ఒకటి చెప్పాలి. వీ6 యజమాని అగ్రకులం మనిషి కాదు. జి. వెంకటస్వామి కొడుకు వివేక్, దళితుడు, పెద్దపల్లి రిజర్వుడు స్థానం నుంచి గెలిచిన మాజీ ఎంపీ, 2025 జూన్లో తెలంగాణలో మంత్రి అయ్యాడు. మీడియా పెట్టుబడి దళితుల చేతిలోకి వస్తే మన మాట మనం చెప్పుకోవచ్చని మనమంతా ఎన్నో సభల్లో అన్నాం. వచ్చింది. తెలంగాణ మాట వచ్చింది, ఊరి మాట వచ్చింది, వాడ మాట రాలేదు. గుంతల రోడ్ల మీద ఎన్ని జోకులు విన్నామో లెక్కలేదు. గుళ్ళోకి రానివ్వని ఊళ్ళ మీద, రెండు గ్లాసుల టీ హోటల్ మీద, పరువు హత్య చేసిన తండ్రి మీద వెటకారం మేము చూసినంతలో దాదాపు కనబడలేదు. వాటి మీద జోకు వేయకూడదంటారు, సున్నితమైన విషయాలట. సున్నితం ఎవరికి?

మంగ్లి సంగతి మాకు ఇంకా దగ్గరిది. ఆమె అనంతపురం జిల్లా గుత్తి దగ్గర తండాలో పుట్టిన బంజారా అమ్మాయి. సంగీతం నేర్చుకున్నది ఇక్కడే, తిరుపతిలో, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో. వీ6లో 'మాటకారి మంగ్లి'గా జనానికి తెలిసింది మాత్రం తెలంగాణ యాసలో. రాయలసీమలో పుట్టి, తిరుపతిలో చదివి, మాటకారి కావడానికి ఇంకో ప్రాంతపు మాట నేర్చుకోవాల్సి వచ్చింది. ఇది ఆమె తప్పు కాదు, ఆమె ప్రతిభ. కానీ గుత్తి మాటతోనో తిరుపతి మాటతోనో నవ్వించడానికి కుర్చీ ఎక్కడుంది? 2022లో ఆమెను టీటీడీ వాళ్ళ ఎస్వీబీసీ చానల్‌కు సలహాదారుగా వేశారు. తిరుపతి ఆమెను భక్తి పాట దగ్గర పిలిచింది, వెటకారం దగ్గర పిలవలేదు.

ఒక్కసారి బయటి దేశం చూసి వద్దాం. రాత్రి వెటకారం అనే ఈ సరుకు అసలు తయారీ అమెరికాది. అక్కడ హోస్టు సూటు వేసుకొని బల్ల వెనక కూచుంటాడు. అధికారం ఎట్లా కూచుంటుందో అట్లాగే కూచొని అధికారాన్ని వెక్కిరిస్తాడు. జాన్ స్టీవర్ట్, కోల్బేర్, కిమ్మెల్ అంతా తెల్లవాళ్ళు, తమ పేర్లతోనే వచ్చినవాళ్ళు. ఎవరూ బిత్తిరివాళ్ళుగా నటించనక్కర్లేదు. (కోల్బేర్ కొన్నాళ్ళు ఒక మితవాద పండితుడి వేషం కట్టాడు. అది పైవాడి వేషం, ఎప్పుడు కావాలంటే అప్పుడు విప్పేశాడు.) నల్లజాతి హోస్టు లారీ విల్‌మోర్ కార్యక్రమం 2015 జనవరిలో మొదలై 2016 ఆగస్టుకే ముగిసింది. దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన ట్రెవర్ నోవా మాత్రం 2015 నుంచి 2022 దాకా నిలిచాడు. సూటు వేసుకున్నంత మాత్రాన రక్షణ ఉందని కాదు. 2025 జూలైలో కోల్బేర్ కార్యక్రమాన్ని మరుసటి ఏడు మేతో ఆపేస్తామని సీబీఎస్ ప్రకటించింది, సెప్టెంబరులో కిమ్మెల్‌ను కొద్ది రోజులు ప్రసారం నుంచి తప్పించారు. అయితే అక్కడ పోయేది కార్యక్రమం. ఇక్కడ ఏం పోతుందో కిందికి వస్తాం.

మన జిల్లాకు వద్దాం. ఉమ్మడి చిత్తూరు జిల్లా ఇద్దరు ముఖ్యమంత్రుల్ని ఇచ్చింది. నారావారిపల్లె చంద్రబాబు, నగరిపల్లె కిరణ్‌కుమార్‌రెడ్డి. వెటకారానికి ఇంత ముడిసరుకు ఇంకే జిల్లా ఇచ్చి ఉండదు. కానీ వెటకారం చేసే కుర్చీలో చిత్తూరు మాట కూచోలేదు. చిత్తూరు యాసలో హాస్యం లేదా? నామిని 'సినబ్బ కథలు', 'మిట్టూరోడి కథలు' చదివి నవ్వనివాడు ఎవడు? అది అచ్చులో ఉంది, అదీ ఊరి రైతు ఇంటి నుంచి. తెరమీదికి వచ్చేసరికి ఈ మాట 2021 డిసెంబరులో 'పుష్ప'తో దేశమంతా తిరిగింది. హీరోకు జాతీయ అవార్డు కూడా తెచ్చిపెట్టింది. హీరో పలికితే స్టయిలు. అదే 'యాడికి పోతాండావబ్బా' అనే మాట సత్యవేడు మాలపల్లె పిల్లవాడు తిరుపతి కాలేజీలో మొదటి రోజు పలికితే క్లాసంతా నవ్వుతుంది. మా విద్యార్థులు ఈ సంగతి మాకు చెప్పినప్పుడు వాళ్ళూ నవ్వుతూనే చెప్పారు.

ఈ జిల్లా నుంచి తెర మీద నవ్వుతో సంబంధమున్న ఇద్దరు రాజకీయ నాయకుల్ని పోల్చి చూడాలనిపిస్తుంది. ఒకరు రోజా. 2013లో ఈటీవీలో 'జబర్దస్త్' మొదలైనప్పటి నుంచి జడ్జి కుర్చీలో కూచున్నది, 2014లోనూ 2019లోనూ నగరి ఎమ్మెల్యేగా గెలిచింది. 2022 ఏప్రిల్లో మంత్రి అయినాక ఆ కార్యక్రమం వదిలింది. 'జబర్దస్త్' రాజకీయ వెటకారం కాదు, నిజమే. కానీ రాత్రి తొమ్మిదిన్నరకు ఆంధ్రదేశం నవ్వు ఎట్లా ఉండాలో దశాబ్దం పాటు నేర్పింది అదే. అందులో ఎవరు ఏ పని చేస్తారో చూడండి. చీర కట్టేది, తన్నులు తినేది, పొట్టివాడిననీ నల్లవాడిననీ తనను తానే వెక్కిరించుకునేది చిన్న ఊళ్ళ నుంచి వచ్చిన పేద కుర్రవాళ్ళు. కుర్చీలో కూచొని నవ్వేది, మార్కులు వేసేది ఎమ్మెల్యే. ఓటరు గెంతుతాడు, ప్రజాప్రతినిధి నవ్వుతుంది. ఇంతకంటే పెద్ద రాజకీయ వ్యంగ్యం ఏ రచయితా రాయలేడు, అది వ్యంగ్యమని మాత్రం ఎవరికీ తోచలేదు.

రెండో మనిషి నారమల్లి శివప్రసాద్. డాక్టరు, నటుడు, దర్శకుడు. రోజా మొదటి తెలుగు సినిమా 'ప్రేమ తపస్సు' (1991) తీసింది ఆయనే. 1999లో సత్యవేడు ఎమ్మెల్యే, కొంతకాలం రాష్ట్ర మంత్రి. చిత్తూరు లోక్‌సభ స్థానం ఎస్సీ రిజర్వుడు అయినాక 2009లో, 2014లో ఎంపీ. 2018లో ప్రత్యేక హోదా కోసం పార్లమెంటు ఆవరణలోకి రోజుకో వేషంతో వచ్చాడు. నారదుడు, చీర కట్టిన ఆడమనిషి, ఆగస్టులో హిట్లర్. జాతీయ పత్రికలు ఆ ఫోటోల్ని వరసపెట్టి వింత కింద వేసుకున్నాయి. హోదా గురించి ఆయన ఏమన్నాడో వేసిన పత్రిక తక్కువ. పదేళ్ళు ఎంపీగా ఉన్న దళితుడు దేశానికి కనబడింది వేషంలోనే. 2019 ఎన్నికల్లో ఓడిపోయి, ఆ సెప్టెంబరు 21న చనిపోతే, సంతాప వార్తలకు కూడా హిట్లర్ మీసం ఫోటోలు వెతికి పెట్టారు.

మేము శివప్రసాద్‌ను ఆకాశానికెత్తడం లేదు. ఆ వేషాలు పార్టీ అవసరానికి కట్టినవి. నాలుగేళ్ళు కేంద్రంలో ఆ కూటమితోనే ఉన్న పార్టీ, బయటికి వచ్చినాక తన దళిత ఎంపీకి రంగు పూయించింది. ఆ పార్టీలో సూట్లు వేసుకున్న ఎంపీలు ఇంగ్లీషులో ఉపన్యసించారు, వేషం మాత్రం ఈయన కట్టాడు. ఆయనకు నాటకం ఇష్టం కాబట్టి అంటారు. కావచ్చు. అయినా రెండు రకాల ఎంపీల మధ్య ఈ పని విభజన దానంతటదే జరిగిందని నమ్మడం మాకు కష్టం. ఇంకో వైపు నుంచి కూడా ఆయన్ను చదవాలి. పగటి వేషగాళ్ళు ఊరి మధ్యకు వచ్చి కరణాన్నీ షావుకారునూ వెక్కిరించి, వాళ్ళ చేతే గింజలు పెట్టించుకునే కళ మన నేల మీద ఉండేది. ఢిల్లీ వాళ్ళకు అది ఫ్యాన్సీ డ్రెస్సు పోటీ లాగా కనబడింది. తిరుపతి మనిషికి ఇంకేదో గుర్తు రావాలి.

గుర్తు రావాల్సింది గంగ జాతర. ఏటా మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరలో తిరుపతి ఊరు ఊరంతా వేషం కడుతుంది. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం. ఆడపిల్లల్ని చెరిచే పాలెగాణ్ణి పట్టడానికి గంగమ్మ ఈ వేషాలన్నీ కట్టి, చివరికి దొర వేషంలో వాడి తల తీసిందని కథ. వేషం కట్టినవాళ్ళు ఎదురొచ్చినవాళ్ళను బూతులు తిడతారు. అది మొక్కు, తిట్లు పడినవాళ్ళు కోపపడకూడదు. రాజకీయ వెటకారం అంటే ఏమిటో మన ఊరికి ఏ చానలూ నేర్పక్కర్లేదు. దొరను తిట్టాలన్నా, పట్టాలన్నా, దొర వేషం కట్టినా నేరం కాని రోజులు మన క్యాలెండర్లోనే ఉన్నాయి. ఈ జాతర మీద జాయిస్ ఫ్లూకిగర్ అనే అమెరికన్ పరిశోధకురాలు 2013లో ఇంగ్లీషులో ఒక పుస్తకమే వేసింది, మన విశ్వవిద్యాలయాల విద్యార్థులు చదవాల్సింది.

అయితే ఆ వరసలో తోటి వేషం ఒకటుందే, దాని దగ్గర మేము ఆగుతాం. తోటి అంటే ఎవరు? ఊరికి వెట్టి చేసిన మనిషి, మాలమాదిగ వాడల నుంచి వచ్చిన మనిషి. మాతంగి ఎవరో వేరే చెప్పక్కర్లేదు. జాతరలో ఎవరైనా ఒక పూట తోటి కావచ్చు, ఎవరినైనా తిట్టవచ్చు. సాయంత్రానికి నీళ్ళు పోసుకొని శెట్టిగారో నాయుడుగారో అయిపోతాడు. నిజంగా తోటి ఇంట్లో పుట్టినవాడికి ఆ నీళ్ళు లేవు. అతని తిట్టు మొక్కు కాదు, కేసు. 2024 డిసెంబరులో 'పుష్ప 2'లో హీరో చీర కట్టి, నిమ్మకాయల దండ వేసుకొని ఈ జాతర వేషంలో ఆడితే దేశం చప్పట్లు కొట్టింది. ఆరేళ్ళ ముందు చిత్తూరు దళిత ఎంపీ చీర కట్టుకొని పార్లమెంటుకు పోతే నవ్వింది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు మాకు కనబడలేదు.

జాతర పట్నంలో. పల్లెల్లో భారతం. చిత్తూరు జిల్లాలో ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర ఎండాకాలం పద్దెనిమిది రోజులు పగలు హరికథ, రాత్రి వీధినాటకం నడుస్తాయి. తెల్లవార్లూ సాగే ఆట అది. రాజులు వచ్చి పద్యాలు పాడి పోయే మధ్యలో హాస్యగాడు దిగుతాడు, తమిళ తెరుకూత్తులో కట్టియంకారన్ అంటారు. వాడు దుర్యోధనుడికి ద్వారపాలకుడు, అదే సమయంలో ఊరి ప్రెసిడెంటుకు విమర్శకుడు. ధర్మరాజు జూదమాడుతుంటే మధ్యలో దూరి రేషను షాపు తూకం గురించి అడుగుతాడు. రాత్రి పదకొండుకు మనవాళ్ళు చూసే 'లేట్ నైట్ షో' ఇదే, వందేళ్ళు ముందు నుంచి. ఈ మేళాల్లో వాడల నుంచి వచ్చిన కళాకారులున్నారు. హాస్యగాడి మాటలు నాటకం పుస్తకంలో ఉండవు, అప్పటికప్పుడు పుడతాయి. అందుకే సాహిత్య చరిత్రలో లేవు. పద్యాన్ని అచ్చేసిన మన పండితులు ఆ మాటలను 'ప్రక్షిప్తం' అని కూడా అనలేదు, అసలు వినలేదు.

ఇప్పుడు ఖరీదు సంగతి. 2019 అక్టోబరు నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వమే బ్రాందీ షాపులు నడిపింది. 2020 మేలో ముందు 25 శాతం, వెంటనే ఇంకో 50 శాతం, మొత్తం 75 శాతం ధరలు పెంచింది. ఊరూపేరూ లేని బ్రాండ్లు వచ్చాయి. ప్రెసిడెంట్ మెడల్, బూం బూం. ఆ పేర్ల మీద టీవీల్లో, ఫోన్లలో పుట్టిన జోకులకు అంతు లేదు, ప్రతిపక్ష నాయకులు కూడా సభల్లో సీసాలు చూపించి నవ్వించారు. అదే 2020 ఆగస్టులో చిత్తూరు జిల్లాలో ఒక దళిత యువకుడు ఇదే మద్యం గురించి ప్రభుత్వాన్ని తిడుతూ ఫోన్లో వీడియో తీసి పెట్టాడు. కొద్ది రోజులకే ప్రాణం తీసుకున్నాడు. అధికార పార్టీవాళ్ళ బెదిరింపులే కారణమని ప్రతిపక్షం ఆరోపించింది, ఆ పార్టీ కాదన్నది. ఆరోపణ నిజానిజాలు తేల్చే పని మాది కాదు. మేము చూసేది ఇంతవరకే. స్టూడియోలో యాంకర్ చెప్పిన విషయమే ఆ పిల్లవాడూ చెప్పాడు. అతనికి మేకప్ లేదు, పాత్ర పేరు లేదు, లాయరు లేడు. సొంత ముఖంతో, సొంత పేరుతో, తాగేవాడిగానే మాట్లాడాడు.

2015 డిసెంబరులో శాసనసభలో ముఖ్యమంత్రి మీద అన్న మాటలకు రోజాను ఏడాది పాటు సస్పెండ్ చేశారు. అది అన్యాయమని మేమూ అన్నాం. 2017 ఏప్రిల్లో 'పొలిటికల్ పంచ్' అనే ఫేస్‌బుక్ పేజీ నడిపినాయన్ను అరెస్టు చేశారు, అదీ అన్యాయమే. ఈ కేసుల్లో పార్టీలు అటూ ఇటూ మారుతుంటాయి, వెనక నిలబడేందుకు ఏదో ఒక పార్టీ ఉంటుంది. ఏ పార్టీకీ సొంతం కాని దళితుడి నోటి మాటకు వెనక ఎవరుంటారు? శవం లేచినాక మాత్రం అందరూ వస్తారు. మునవ్వర్ ఫారూఖీ సంగతి తెలిసిందే. 2021 జనవరి 1న ఇండోర్లో, ఇంకా చెప్పని జోకుకు పట్టుకొని నెలకు పైగా జైల్లో పెట్టారు. పేరే చాలింది.

దళితుల మీద దేశం వేసిన జోకులకు మాత్రం ఎన్నడూ కొరత లేదు. 1949లో శంకర్ గీసిన కార్టూను (నత్త మీద అంబేడ్కర్, వెనక కొరడాతో నెహ్రూ) ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకంలో ఉందని 2012లో గొడవ జరిగినప్పుడు, దళితులకు హాస్యం అర్థం కాదని పెద్ద పెద్ద మేధావులు రాశారు. విజయవాడకు చెందిన పరిశోధకుడు ఉన్నమతి శ్యాంసుందర్ పాత పత్రికలన్నీ వెతికి, 1932 నుంచి 1948 దాకా అంబేడ్కర్ మీద వచ్చిన వందకు పైగా కార్టూన్లు ఏరి 2019లో పుస్తకంగా తెచ్చాడు. వాటిని వరసగా తిరగేస్తే అర్థమవుతుంది, అంబేడ్కర్ సూటే వాళ్ళకు జోకు. ఇంకెవరి సూటూ జోకు కాలేదు. వేషం కట్టకుండా సొంత బట్టల్లో వచ్చిన దళితుణ్ణి చూసి, ఆ బట్టల్నే వేషం అన్నారు.

దేశంలో ఇప్పుడు బ్లూ మెటీరియల్ అనే పేరుతో మంజీత్ సర్కార్, అంకుర్ తంగడే లాంటి దళిత హాస్యకారులు తమ కులం పేరు చెప్పుకొని, మామూలు బట్టల్లో నిలబడి, సవర్ణ ప్రేక్షకుల ముఖం మీద జోకులు వేస్తున్నారు. హాల్లో కొందరికి నవ్వాలో వద్దో తెలియదు. ఆ నిమిషం తెలుగు టీవీలో మేమింకా చూడలేదు. అచ్చులో అయితే ఉంది. మదనపల్లె ప్రాంతం నుంచి ఎండపల్లి భారతి ఉంది. చిత్తూరు జిల్లా పల్లె ఆడవాళ్ళు నడిపిన 'నవోదయం' పత్రికలో పనిచేసి, మాదిగ వాడ మాటలోనే 'ఎదారి బతుకులు' రాసింది. ఆ కథలను మన సమీక్షకులు దుఃఖం కింద చదివారు. దళితుల రాతలో దుఃఖం వెతకడం సులువు, వెటకారం వినబడాలంటే చెవి కావాలి. రైతు ఇంట్లో కూలికి పోయినప్పుడు, పెట్టేవాళ్ళ చేతిని కింద నుంచి పైకి చూసే ఆ చూపులో ఎంత ఎగతాళి ఉండాదో తరగతి గదిలో పైకి చదివి చూడండి. పిల్లలు ఎక్కడ నవ్వుతారో, ఎవరు ముందు నవ్వుతారో, ఎవరు తల వంచుకుంటారో గమనించండి. మేము గమనించాం.

చిత్తూరు మాటలో, వాడ నుంచి, రాత్రి వెటకారం నడిపితే ఎట్లా ఉంటుందని మా విద్యార్థులు అడుగుతున్నారు. ఇద్దరు ముగ్గురు ఫోన్లతో మొదలుపెట్టారు కూడా. ముఖానికి రంగు పూసుకోవాలా వద్దా అని వాళ్ళలో వాళ్ళకే తగాదా. రంగు పూసుకుంటే ఎవరూ గుర్తుపట్టరని ఒకడు, గుర్తుపట్టకపోతే చెప్పి ఏం లాభమని ఇంకొకతె. ఆ తగాదాలో మేము తలదూర్చలేదు. వాళ్ళకు పనికొచ్చే సరుకు మాత్రం కూడబెట్టాలనుకుంటున్నాం. పుత్తూరు, నగరి, సత్యవేడు, పలమనేరు వైపు భారతం ఆటల్లో హాస్యగాడు అన్న మాటలు, ఎవరి మీద అన్నాడు, మరునాడు పొద్దున ఏం జరిగింది, ఇవి గుర్తున్నవాళ్ళు ఆ మాటల్ని దిద్దకుండా, విన్నట్టే రాసి పత్రికకు పంపండి. బూతులుంటే బూతులతోనే పంపండి.